మెత్తటి ఆస్పత్రి: అక్క ముందు చెప్పలేని నొప్పి

పోయిన వారం కథ చివర ఆస్పత్రి గుమ్మం ముందు ఆగిన వ్యాను ఇంకా అక్కడే ఉంది. ఇంజను ఆపలేదు. లోపల వార్విక్ కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ద్రాక్షతోటలకి మనుషుల్ని తోలే కాంట్రాక్టరు తాలూకు మనిషి అతను. అతని చొక్కా జేబులో మా తమ్ముడు కెలెపి పాస్‌పోర్టు ఉంది. ఈ సాయంత్రం మెల్‌బోర్న్ నుంచి టోంగా వెళ్ళే విమానానికి టిక్కెట్టు కూడా ఉంది.

మధ్యలో వచ్చి చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు ఫూసీ. టోంగా దీవుల మనిషిని. ఆస్ట్రేలియాలో ఈ విల్గా బెండ్ ఊరికి వచ్చి పదహారేళ్ళయింది. ఈ ప్రైవేటు ఆస్పత్రి వంటింట్లో ఆరేళ్ళుగా ట్రేలు మోస్తున్నాను. నేలంతా కార్పెట్టు, గోడలకి నది బొమ్మలు, మాటలన్నీ మెల్లగా. అందుకే మావాళ్ళు దీన్ని మెత్తటి ఆస్పత్రి అంటారు. కెలెపి మా చిన్నాన్న కొడుకు, ఇరవై నాలుగేళ్ళవాడు. మా దీవిలోని మా ఊరి నుంచి ఈ ఏడు సీజను పనికి వచ్చిన పద్నాలుగు మందిలో ఒకడు. సోమవారం ద్రాక్ష పెట్టె ఎత్తుతూ తోటలోనే కూలబడ్డాడు. వాంతులు, జ్వరం. కాంట్రాక్టరు కట్టిన ఇన్సూరెన్సు మీద ఇక్కడ చేర్చారు. ఇవాళ గురువారం. కడుపులో ఇన్‌ఫెక్షను, తగ్గిపోయింది, ప్రయాణం చెయ్యవచ్చు అని డిశ్చార్జి కాగితం రాసేశారు.

ఆ కాగితం అబద్ధం. అందులో సగం నా నోటి నుంచి వచ్చింది. ఆ సగం గురించే ఇవాళ చెప్తాను. నా పరువు పోతే పోనీ.

పొద్దున పదింటికి కెలెపి గదికి టిఫిను ట్రే తీసుకెళ్ళాను. మంచం పక్కన కుర్చీలో మా చర్చి డీకను లోపేటి కూర్చుని ఉన్నాడు. పెద్ద పొట్ట, దాన్ని మించిన మీసం. కెలెపి మోకాళ్ళు ముడుచుకుని ఒక పక్కకి పడుకున్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది. దుప్పటి కింద ఒక చెయ్యి గట్టిగా ఒత్తుకుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆ చెయ్యి చటుక్కున బయటికి లాగి నవ్వాడు.

"బాగున్నావా తమ్ముడూ?"

"బాగున్నానక్కా."

చెయ్యి ఎక్కడ పెట్టుకున్నాడో నేను చూశాను. అక్కని కాబట్టి చూడనట్టు ట్రే పెట్టి వచ్చేశాను. తలుపు దాటి పది అడుగులు వేశాను. అప్పుడు గుర్తొచ్చింది, సోమవారం కూడా సరిగ్గా ఇవే రెండు మాటలు. బాగున్నావా, బాగున్నానక్కా. ఆ రెండు మాటల మీదే వాణ్ణి విమానం ఎక్కిస్తున్నారు.

సోమవారం ఏం జరిగిందంటే, నేను జెల్లీ గిన్నెలు పంచుతున్నాను. డాక్టర్ ప్రెంటిస్ గదిలోంచి తల బయట పెట్టి, "ఫూసీ, నువ్వు టోంగన్‌వే కదా, ఇలా రా" అన్నాడు. ఆరేళ్ళలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. నాకు గొప్పగా అనిపించింది, దాచడం ఎందుకు. జెల్లీ గిన్నె చేతిలో పట్టుకునే లోపలికి వెళ్ళాను. మంచం మీద కెలెపి ఉన్నాడు. "ఎక్కడ నొప్పో అడుగు" అన్నాడు డాక్టరు.

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

మాలో అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక గీత ఉంటుంది. మీసం రాకముందే తమ్ముడు వేరే పాకలో పడుకుంటాడు. వాడి పక్క మీద అక్క కూర్చోదు. ఒంటి సంగతులు ఒకరి ముందు ఒకరు ఎత్తరు. టీవీలో ముద్దు సీను వస్తే ఇద్దరిలో ఒకరు లేచి బయటికి పోవాల్సిందే. చిన్నాన్న కొడుకైనా పెద్దమ్మ కొడుకైనా అదే లెక్క, అందరూ తమ్ముళ్ళే. ఆ గీత నాకు ఇష్టమే. మా ఇళ్ళలో ఆడపిల్ల తలెత్తుకుని తిరుగుతుందంటే ఆ గీత వల్లే. కానీ ఆస్పత్రి మంచం దగ్గర ఆ గీతకి అటు వాడినీ ఇటు నన్నూ నిలబెట్టి, నొప్పి ఎక్కడో చెప్పుకోండి అన్నారు. వాడు చెప్తాడా? నేను అడుగుతానా? బాగున్నావా అన్నాను. బాగున్నానక్కా అన్నాడు. డాక్టరు దుప్పటి తియ్యబోతే వాడు రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను గోడ మీది నది బొమ్మ చూస్తూ, "బాగానే ఉందట డాక్టర్ గారూ, ఒట్టి కడుపేనట" అన్నాను.

'కడుపే' అన్న మాట వాడు అననే లేదు. ఆ మాట నాది.

ఇవాళ ఆ పది అడుగులూ వెనక్కి నడిచాను. లోపేటి అప్పటికే గుడ్డు నోట్లో పెట్టుకున్నాడు. ఏమీ అనకుండా అతని ముందు నుంచి ట్రే తీసుకుని నేరుగా నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళాను. డాక్టర్ ప్రెంటిస్ సంతకాలు పెడుతున్నాడు. పక్కన వార్డు మేనేజరు జోలీన్, చేతిలో పలక లాంటి కంప్యూటరు. సంతకాల కాగితాల మీద ట్రే పెట్టాను.

డాక్టరు తలెత్తకుండానే, "నాకు టీ చాలు ఫూసీ" అన్నాడు.

"ఇది మీకు కాదు. కెలెపి తిన్నాడని మీరు రాసుకునే టిఫిను."

"రాసుకోవడం ఏమిటమ్మా?" జోలీన్ నవ్వింది. "మూడు రోజుల్నించి అతని ప్లేట్లు కడిగినట్టు వస్తున్నాయి. ఈ వార్డులో అంత బాగా తినే పేషెంటు ఇంకొకరు లేరు."

"ఆ ప్లేట్లు ఖాళీ చేసింది మా డీకను లోపేటి. మూడు రోజుల్లో ఆయన బాగా కోలుకున్నాడు. కావాలంటే ఆయన్ని డిశ్చార్జి చెయ్యండి."

ఒక నర్సు కిసుక్కుమంది. జోలీన్ చూసేసరికి ఆపేసింది.

"అక్క తెచ్చిన తిండి వెనక్కి పంపితే అక్కకి అవమానం. అందుకని ఎవరొస్తే వాళ్ళతో తినిపిస్తున్నాడు. వాడి నోట్లోకి ఒక్క ముద్ద పోవడం లేదు. డాక్టర్ గారూ, ఆ కాగితం చించెయ్యండి. వాడు బాగా లేడు."

"సోమవారం బాగున్నాడని చెప్పింది నువ్వే కదా?" అన్నాడు డాక్టరు.

"నేనే."

"మరి అబద్ధం చెప్పావా?"

"చెప్పాను. మీరు అడగకూడని మనిషిని అడిగారు. నేను ఒప్పుకోకూడని పని ఒప్పుకున్నాను. వాడికి నేను అక్కని. వాడి నొప్పి నడుం కింద ఉంది. మిమ్మల్ని మీ చెల్లెలి ముందు నిలబెట్టి ప్యాంటు విప్పమంటే విప్పుతారా?"

డాక్టరు ముఖం ఎర్రబడింది. జోలీన్ అందుకుంది.

"బంధువు అయితే అప్పుడే చెప్పాలి. రూలు ఉంది."

"రూలు ఉందా? భలే. బంధువా అని మీరు అడిగారా మరి? నువ్వు టోంగన్‌వే కదా ఇలా రా అన్నారు. చేతిలో జెల్లీ గిన్నె కింద పెట్టే టైము కూడా ఇవ్వలేదు. టోంగన్ అయితే చాలు, ఎవరైనా ఒకటే మీకు."

"ఫూసీ." ఆమె గొంతు ఇంకా మెత్తనైంది. ఈ ఆస్పత్రిలో మాట మెత్తబడే కొద్దీ భయపడాలి. "పదకొండు గంటలకి ఆ మంచం మీదికి మోకాలి ఆపరేషను ఆవిడ వస్తోంది. కింద వ్యాను ఉంది. నువ్వు వంటింటి మనిషివి. మధ్యాహ్నం నాతో మాట్లాడదువుగాని, ఇప్పుడు వెళ్ళి ట్రేలు సర్దు."

ఆమె తల వెనక గోడ మీద ఒక పోస్టరు ఉంది. మీ భాష తెలిసిన దుబాసీని ఫోనులో అడగండి, అది మీ హక్కు, అని ఇరవై భాషల్లో రాసి ఉంటుంది. మా భాష కింద నుంచి మూడోది. ఆ పోస్టరు కింద నుంచి ఆరేళ్ళు ట్రేలు మోశాను. అది గోడకి అందం కోసం అంటించారనుకున్నాను. సోమవారం కూడా అది అక్కడే ఉంది. చెయ్యి చాపి పీకేశాను. నాలుగు మూలలా గోడ పెచ్చు ఊడొచ్చింది.

"ఈ నంబరుకి ఫోను చెయ్యండి," అని డాక్టరు ముందు పెట్టాను. "మగవాణ్ణి అడగండి. పది నిమిషాలు. అప్పటికీ వాడు బాగున్నానంటే నేనే వాణ్ణి మోసుకెళ్ళి వ్యానులో కూర్చోబెడతాను."

ప్రెంటిస్ చెడ్డవాడు కాదు. తొందర మనిషి, అంతే. ఆయన తొందర వల్ల నష్టపోయేవాళ్ళు ఎప్పుడూ వేరేవాళ్ళు. గడియారం చూశాడు, పోస్టరు చూశాడు, ఫోను తీశాడు.

గదిలో మంచం మీద ఫోను పెట్టి అందరికీ వినపడేలా ఆన్ చేశాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. మగవాణ్ణి అడిగినా ముందు దొరికింది ఒక ఆడగొంతు, బ్రిస్బేన్ నుంచి. చాలా మర్యాదగా పలకరించింది. కెలెపి కూడా మర్యాదగా బదులిచ్చాడు. ఆ బదులిచ్చిన యాస వినగానే ఆమె ఆగింది.

"మీది హాపాయ్ దీవులా?"

"అవునండీ. ఫోఆ దీవి."

"ఫోఆలో ఎవరి తాలూకు?"

కెలెపి వాళ్ళ తాత పేరు చెప్పాడు.

"అయ్యో, మీ నాయనమ్మా మా అమ్మమ్మా ఒక తల్లి బిడ్డలు. నేను నీకు అక్కనవుతాను బాబూ."

కెలెపి దుప్పటి ముక్కు దాకా లాక్కున్నాడు. డీకను లోపేటి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. డాక్టరు మా ముగ్గురి వంకా చూశాడు. ఫోనులో గొంతు వెంటనే ఇంగ్లీషులోకి మారింది. గట్టిగా, స్పష్టంగా:

"డాక్టర్, నేను ఈ పేషెంటుకి బంధువుని. అతని శరీరం గురించి నా ముందు మాట్లాడడం అతనికి సాధ్యం కాదు. నేను తప్పుకుంటున్నాను. దయచేసి మగవారిని పెట్టుకోండి. ఆస్పత్రిలో తెలిసిన టోంగన్ ఆడవాళ్ళుంటే వాళ్ళని కూడా గదిలోంచి పంపించండి."

అంతే. ఇరవై సెకన్లు పట్టింది. సోమవారం నేను చెప్పాల్సింది అదే. జెల్లీ గిన్నె పట్టుకుని, పేరు పెట్టి పిలిచినందుకు పొంగిపోయి, చెప్పలేకపోయాను. డాక్టరు నా వంక చూశాడు. ఆరేళ్ళలో మొదటిసారి నా మాట నిజమని నమ్మినట్టు చూశాడు. ఆ నమ్మకం కూడా ఇంకొకరు ఇంగ్లీషులో చెప్పాకే వచ్చింది, అది వేరే సంగతి.

రెండోసారి దొరికింది ముసలి గొంతు. సిడ్నీ నుంచి. పొగాకు గొంతు.

"బాబూ, నాకు డెబ్భై దాటాయి. నీ ఊరు అడగను, నీ తాత పేరు అడగను. నువ్వు చెప్పింది ఈ డాక్టరుకి చెప్పి మర్చిపోతాను. గదిలో ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"మా అక్క ఉంది," అన్నాడు కెలెపి దుప్పటి లోంచి.

"అమ్మా, బయటికి నడువు తల్లీ. తలుపు వేసుకుంటూ వెళ్ళు. ఇంకెవరూ లోపలికి రాకుండా చూడు."

బయటికి వచ్చి తలుపు వేసి దానికి వీపు ఆనించి నిలబడ్డాను. అప్పుడే లిఫ్టులోంచి వార్విక్ చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. అతని వెనక జోలీన్.

"పక్కకి జరుగు ఫూసీ. మెల్‌బోర్న్ ఆరు గంటల దారి," అన్నాడు వార్విక్.

"లోపల మాట్లాడుతున్నారు."

"వాడేం మాట్లాడతాడు? నాలుగు నెలలైంది వచ్చి. నాతో నాలుగు మాటలు మాట్లాడలేదు."

"నీతో మాట్లాడితే ఏమవుతుందో వాడికి తెలుసు. పోయినేడు మోకాలు నొప్పి అన్న సిమోటే ఈ ఏడు ఎక్కడున్నాడు? సీజనుకి పిలిచేవాళ్ళ లిస్టులో పేరేది?"

"ఆ లిస్టు నేను రాయను. మీ ఊరివాళ్ళే రాసి పంపుతారు."

"నువ్వు ఏ పేరు చూసి మొహం చిట్లిస్తావో చూసి రాస్తారు."

వార్విక్ కుర్చీని నా మోకాళ్ళ దాకా తెచ్చి ఆపాడు. నేను కదల్లేదు. మా నాన్న పోలికతో నేను కొంచెం భారీగానే ఉంటాను. చిన్నప్పుడు దాని గురించి ఏడ్చేదాన్ని. ఇవాళ ఆ తలుపుకి సరిపోయాను.

జోలీన్ చెయ్యి చాపింది. "నీ కార్డు ఇవ్వు. స్టాఫు పేషెంటు డిశ్చార్జికి అడ్డం పడితే ఏమవుతుందో నీకు తెలుసు."

మెడలో కార్డు తీశాను. ఏప్రన్ ముడి విప్పాను. రెండూ మడిచి వార్విక్ తెచ్చిన కుర్చీలో పెట్టాను.

"తీసుకెళ్ళండి. డిశ్చార్జి చెయ్యాలనుకుంటే వాటిని చెయ్యండి. ఇప్పుడు నేను మీ స్టాఫు కాదు. పేషెంటు అక్కని. మీ గోడ మీద రాసి ఉంది, చూడటానికి వచ్చేవాళ్ళ టైము పది నుంచి ఎనిమిది దాకా అని. పదిన్నరైంది."

జోలీన్ ఆ కార్డు తీసి జేబులో వేసుకుంది. వార్విక్ మాత్రం నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"ఎందుకు ఫూసీ ఇంత గొడవ? మీ పెద్దావిడే ఒప్పుకుంది కదా."

"ఏ పెద్దావిడ?"

అతను జోలీన్ వంక చూశాడు. అనకూడని మాట అన్నానని తెలిసినట్టుంది. జోలీన్ కంప్యూటరు పలక నా వైపు తిప్పింది. దగ్గరి బంధువు ఎవరు అన్న చోట కెలెపి ఒక పేరు రాశాడు. పేషెంటును ఇంటికి తీసుకెళ్ళడానికి నాకు సమ్మతమే అని నిన్నటి తేదీతో ఆ మనిషి సంతకం ఉంది. పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు. ఆ అక్షరాలతో నేను చదవడం నేర్చుకున్నాను.

లతాయ్ అత్త.

మా నాన్నకీ కెలెపి నాన్నకీ అక్క. మా ఇంట్లో మేనత్త మాటకి పైన మాట లేదు. మా పెళ్ళిళ్ళలో అందరికంటే ముందు కూర్చునేది ఆమె. మా చావుల్లో శవం తల దగ్గర కూర్చునేది ఆమె. ఆమె నిలబడి ఉంటే మేము కూర్చుంటాం, మా తల ఆమె తల కంటే పైన ఉండకూడదు. విల్గా బెండ్‌కి మొదట వచ్చింది ఆమే, నన్ను తెచ్చింది ఆమే. ఏటా మా ఊరి నుంచి ఎవరు రావాలో ఆ పద్నాలుగు పేర్లు వార్విక్‌కి పంపేది కూడా ఆమే. దగ్గరి బంధువు ఎవరంటే కన్నతల్లి పేరు రాయకుండా మేనత్త పేరు రాశాడు కెలెపి. మాలో ఎవరైనా అదే రాస్తారు.

నా వీపు వెనక తలుపు కదిలింది. డాక్టర్ ప్రెంటిస్ బయటికి వచ్చాడు. చేతి తొడుగులు తీస్తున్నాడు.

"నువ్వు వినచ్చో లేదో నాకు తెలీదు," అన్నాడు నాతో.

సోమవారమైతే గోడ వైపు తిరిగేదాన్ని.

"చెప్పండి. వింటాను."

"గజ్జల్లో హెర్నియా, పేగు జారి గడ్డలా ఉబ్బింది. బరువులెత్తి ఆరు వారాల కిందట మొదలైందట. ఇన్నాళ్ళూ పడుకుంటే లోపలికి పోయేది. సోమవారం నుంచి పోవడం లేదు. పేగు అందులో చిక్కుకుంది. చర్మం ఎర్రగా ఉంది, ముట్టుకోనివ్వడం లేదు. వెంటనే ఆపరేషను చెయ్యాలి. ఆ విమానం ఎక్కి ఉంటే..." ఆయన తొడుగులు చెత్తబుట్టలో పడేశాడు. "సముద్రం మీద పోయేవాడు."

వార్విక్ కుర్చీ మీద నుంచి చేతులు తీసేశాడు.

"నేను చూడాల్సింది," అన్నాడు డాక్టరు. "దుప్పటి పట్టుకుంటే నన్ను చూసి సిగ్గుపడుతున్నాడనుకున్నాను."

"మిమ్మల్ని చూసి కాదు. నన్ను చూసి."

జోలీన్ తేరుకుంది. "డాక్టర్, ఆరు వారాల నుంచి ఉన్నదంటే ఇన్సూరెన్సు వాళ్ళు పాత జబ్బు అంటారు. ముందు వాళ్ళ అనుమతి అడగాలి. ఇంటివాళ్ళు కూడా తీసుకెళ్తామని సంతకం చేశారు."

"పాత జబ్బా?" నా గొంతు లేచింది. ఆ కార్పెట్టు మీద అంత గట్టిగా ఎవరూ మాట్లాడి ఉండరు. అన్ని గదుల్లోంచీ తలలు బయటికి వచ్చాయి. "నాలుగు నెలల కింద మీ డాక్టర్లే వాడికి అన్ని పరీక్షలూ చేసి గుర్రంలా ఉన్నాడని రాసి విమానం ఎక్కించారు. ఈ గడ్డ వాడు ఇంటి నుంచి తెచ్చుకోలేదు. మీ ద్రాక్ష పెట్టెలు పెట్టిన గడ్డ అది. రాసుకోండి, అలాగే రాసుకోండి."

"అనుమతి సంగతి తర్వాత," అన్నాడు ప్రెంటిస్. ఆయన గొంతు మెత్తగా లేదు, మొదటిసారి. "ఆపరేషను థియేటరు ఖాళీ చేయించు జోలీన్. ఎవరి సంతకమూ నాకు అక్కర్లేదు. కావాల్సింది ఒక్క మనిషి ఒప్పుకోవడం. కెలెపి ఒప్పుకోవడం లేదు."

"ఏమిటి?"

"ఆ ముసలాయనతో చెప్పించాను, రెండుసార్లు. అన్నీ విన్నాడు. అర్థమైంది కూడా. మా అత్తని అడగాలి అంటున్నాడు. తోటలో వాళ్ళు ఆవిడకి ఈ సంగతి నెల కిందటే చెప్పారట. సీజను అయ్యే దాకా నోరెత్తకు, నీ ఒక్కడి పేరు చెడితే పద్నాలుగు పేర్లూ పోతాయి అందట. అతనికి తెలివి ఉంది, వయసు ఉంది. వద్దంటే నేను కత్తి పెట్టలేను ఫూసీ. మత్తు మందు ఇచ్చే ముందు నాకు అతని నోటితో అవును అనే మాట కావాలి."

నెల కిందట. నెల కిందటి ఆదివారం చర్చి తర్వాత నేనూ అత్తా పక్కపక్కన కూర్చుని కర్రపెండలం తిన్నాం. ఆమె కెలెపి పళ్ళెంలోకి తన పళ్ళెంలోంచి మాంసం వేసింది. బాగా తినరా, బరువు పని అంది. నేను చూస్తూనే ఉన్నాను.

తలుపు పూర్తిగా తీసి లోపలికి వెళ్ళాను. అక్క వెళ్ళకూడని గదే. వెళ్ళాను. కెలెపి కళ్ళు మూసుకున్నాడు, నా వంక చూడకుండా.

"తమ్ముడూ, నాకు తెలిసింది. ఎక్కడో తెలిసింది, ఏమిటో తెలిసింది. ఆకాశం విరిగి పడలేదు. ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి సిగ్గుపడడానికీ ఏమీ లేదు. ఫోనులో పెద్దాయన ఉన్నారా?"

"ఉన్నానమ్మా," అంది పొగాకు గొంతు. "బయటికి పొమ్మన్నది నేనే. మళ్ళీ వచ్చావు, నువ్వు గట్టిదానివే. ఉండు మరి. బాబూ, మూడోసారి అడుగుతున్నాను. డాక్టరు పొట్ట కోసి పేగు సర్దుతాడు. ఒప్పుకుంటావా? అవునంటే అవును, కాదంటే కాదు. నీ నోటితో."

కెలెపి కళ్ళు తెరిచాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చెప్పబోయాడు. ఆ మాట ఏదో వాడి గొంతు దాకా రావడం నేను చూశాను.

అప్పుడు డీకను లోపేటి కుర్చీలోంచి లేచాడు. అంత లావు మనిషి అంత వేగంగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. లేచి, వెంటనే కార్పెట్టు మీద కాళ్ళు మడిచి కూర్చుండిపోయి తల వంచుకున్నాడు. అతను గుమ్మం వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. నేను వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం లేకపోయింది.

అయినా తిరిగాను.

లతాయ్ అత్త గుమ్మంలో ఉంది. నల్ల గౌను, దాని మీద మా మర్యాద ప్రకారం నడుముకి మా ముత్తవ్వ నేసిన పాత చాప చుట్టుకుంది. దూరప్రయాణానికి ఒకర్ని సాగనంపేటప్పుడు కట్టుకున్నట్టు కట్టుకుంది. చేతిలో బుట్ట. చేమాకుల్లో గొర్రె మాంసం పెట్టి కొబ్బరిపాలతో ఉడికించిన వాసన గదంతా కమ్ముకుంది. విమానంలో తినడానికి మేనల్లుడికి వండి తెచ్చింది. రాత్రంతా వండి ఉంటుంది. ఆమె కళ్ళ కింద ఉబ్బింది. ఏడ్చిందో, పొయ్యి సెగో.

ఆమె వెనక జోలీన్, వార్విక్ దారి ఇచ్చి నిలబడ్డారు. వాళ్ళకి మా పద్ధతులు తెలియవు. అయినా ఆమెకి దారి ఇచ్చారు.

ఆమె కెలెపి వంక చూడలేదు, డాక్టరు వంక చూడలేదు. నా వంక చూసింది. గుమ్మం బయటి మనిషికి కూడా వినపడనంత నెమ్మదిగా అంది.

"ఫూసీ. కూర్చో."

నాకు నలభై ఏళ్ళు. ఈ నలభై ఏళ్ళలో ఆ మాట ఆమె రెండోసారి అనాల్సి రాలేదు. నా మోకాళ్ళు వాటంతట అవే వంగబోయాయి. మంచం కమ్మీ పట్టుకున్నాను. ఇనుము చల్లగా ఉంది. వాటిని వంగనివ్వలేదు.

"కూర్చోమన్నాను."

నేను కూర్చోలేదు. ఆమె తల కంటే నా తల బెత్తెడు పైన ఉంది. ఆమె కళ్ళలోకి చూస్తూనే అన్నాను.

"తమ్ముడూ, పెద్దాయన ఏదో అడిగారు. జవాబు చెప్పు."

ఫోనులోంచి ముసలి గొంతు, ఇక్కడ ఏం జరుగుతోందో చూడలేని గొంతు, ఇంకోసారి అడిగింది.

"ఏమంటావు బాబూ?"

కెలెపి అత్త వంక చూశాడు. నా వంక చూశాడు. దుప్పటి మీద నుంచి రెండు చేతులూ తీసేశాడు.

నోరు తెరిచాడు.

(మిగతా వచ్చే వారం)